పావుగంట ఆవిరి

మా తెలుగు సంఘం ఉగాది వేడుకలో నేను అడిగింది పావుగంట. పాట పాడతానని కాదు, శాలువా కప్పమని కాదు, వేదిక మీద కుర్చీ వెయ్యమని అంతకన్నా కాదు. రైలింజనును లోకంలో మొట్టమొదట పట్టాల మీద నడిపిన మనిషి గురించి నాలుగు ముక్కలు చెప్పి, నేను చేసిన చిన్న ఇంజనును నిజం ఆవిరితో బల్ల మీద ఒక్క చుట్టు తిప్పి చూపిస్తానన్నాను. ఆ పావుగంట కోసం మూడు ఉగాదులు తిరిగాను.

ఇందులో ఎవరి పేరూ పెట్టడం లేదు. మా సెక్రటరీ పేరు రాస్తే రేపు ఇక్కడ డబ్లిన్లో బ్లాంచర్డ్స్‌టౌన్ షాపింగ్ సెంటర్లో ఎదురుపడినప్పుడు ఇద్దరికీ ఇబ్బంది. ఆయన పేరు దాచి మిగతావాళ్ళవి బయటపెట్టడం న్యాయం కాదు కాబట్టి ఆ ఇంజనీరు పేరు కూడా రాయను. కార్న్‌వాల్ ఆయన అంటాను. కావలసినవాళ్ళు వెతుక్కోండి. నేనూ వెతుక్కునే తెలుసుకున్నాను. బడిలో రైలింజను కనిపెట్టినదెవరు అని అడిగితే మాచేత ఇంకో ఆయన పేరు చెప్పించారు. ఆ తప్పు జవాబుకి నాకు మార్కులు కూడా వేశారు.

నేను ఆవిరి మనిషిని. గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ల దగ్గర ఉద్యోగం మొదలుపెట్టి, ఇప్పుడు డబ్లిన్ పడమటి వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ హౌస్ చూస్తున్నాను. ఇంజెక్షన్ మందు నింపే సీసా నుంచి దాని మూత దాకా ప్రతిదాన్నీ శుద్ధి చేసేది ఆవిరే. అయినా ఆవిరి వస్తున్నంతకాలం మా బాయిలర్ హౌస్ ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. ఒక్క గంట ఆగితే మాత్రం అన్ని డిపార్ట్‌మెంట్లూ ఫోన్లు చేస్తాయి. కంపెనీ వార్షికోత్సవానికి తీసిన వీడియోలో క్యాంటీన్ కూడా కనిపించింది. బాయిలర్ హౌస్ కనిపించలేదు. అడిగితే మేనేజరు, "యూ'ర్ గ్రాండ్, నెక్స్ట్ ఇయర్" అన్నాడు. ఈ దేశంలో గ్రాండ్ అంటే గొప్ప అని కాదు, ఇక ఆ మాట వదిలెయ్యమని.

మొదటి ఏడాది సంగతి. సెక్రటరీ కరీంనగర్ వైపు మనిషి, సిటీవెస్ట్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్. నాకన్నా పదేళ్ళు చిన్న. ఎవరేమడిగినా కాదనడు, ఆయనతో వచ్చిన చిక్కే అది. ఆ రోజు మాత్రం నవ్వాడు.

"స్టీమ్ ఇంజనా అన్నా? ఇప్పుడు ఎవలు చూస్తరే గది? ఏఐ మీద ఏమన్న చెప్పరాదు, పిల్లలకు పనికొస్తది."

"నువ్వు నిన్న వేసుకున్న ఇంజెక్షను ఏఐతో శుద్ధి చెయ్యలేదు బాబూ, ఆవిరితో చేశారు," అన్నాను.

"అరె, సీరియస్ గాకు అన్నా. వచ్చే ఏడు పక్కా పెడతం."

వచ్చే ఏడు పెట్టాడు. వాట్సాప్ గ్రూపులో పోస్టర్ కూడా వచ్చింది. నా అంశం పక్కన జపాన్ బుల్లెట్ రైలు బొమ్మ వేశారు. ఆ రోజు నా అంశం ఆఖరున, భోజనాలకి ముందు. కార్యక్రమం ఎప్పటిలాగే ఆలస్యంగా మొదలైంది. ముఖ్య అతిథి రాలేదని ఆగారు, వచ్చాక జ్యోతి వెలిగించడానికి అగ్గిపెట్టె లేదని ఆగారు. అప్పటికే నా ఇంజను కింద స్పిరిట్ దీపం వెలిగించి ఉంది. బాయిలర్లో ఆవిరి తయారై, సేఫ్టీ వాల్వు లేచి, బుస్సుమంటూ పక్క తలుపులోంచి కార్ పార్కులోకి పోయింది. మళ్ళీ నీళ్ళు పోశాను, మళ్ళీ కాచాను, అదీ పోయింది. చివరికి నా వంతు వచ్చే వేళకి భోజనాల వ్యాన్ వచ్చింది. వ్యాన్ వచ్చాక మనవాళ్ళని కూర్చోబెట్టగల శక్తి ఏ ప్రభుత్వానికీ లేదు. "అన్నా, ఏమనుకోకు, బిర్యానీ సల్లగయితది," అని సెక్రటరీ నా చేతిలో మైకు పట్టుకుపోయాడు. నా చేతికి ఇచ్చి, నేను నోరు తెరిచాక పట్టుకుపోయాడు. అది మరిచిపోలేదు.

ఎందుకింత పట్టుదల అని మా ఆవిడ చాలాసార్లు అడిగింది. ఆ కార్న్‌వాల్ ఆయన కథ తెలిస్తే అడగదు. చెప్పబోతే కుక్కరు కూత పెడుతుంది.

ఆయన ఇంగ్లండు పడమటి కొసన తగరపు గనుల మధ్య పుట్టి పెరిగినవాడు. గనుల్లో ఊరే నీళ్ళు తోడడానికి ఆ కాలంలో పెద్ద పెద్ద ఆవిరి యంత్రాలుండేవి. ఒక్కోటి ఇల్లంత. ఆవిరిని గట్టిగా బిగించి వాడితే యంత్రం చిన్నదవుతుంది, చిన్నదైతే బండికెక్కించవచ్చు అని ఈయన పట్టుబట్టాడు. అప్పటికే పేరున్న పెద్దాయన ఒకరు, అంత ఒత్తిడి వాడినందుకు వీణ్ణి ఉరి తియ్యాలి అన్నాడట. ఈయన వినలేదు. వేల్స్‌లో ఒక ఇనుప కర్మాగారం దగ్గర పట్టాల మీద ఇంజను పెట్టి, ఇనుమునీ మనుషుల్నీ లాగించి చూపించాడు. ఇంజను బాగానే నడిచింది. దాని బరువుకి పట్టాలే విరిగాయి. అవి పోత ఇనుము పట్టాలు, గుర్రబ్బళ్ళ కోసం వేసినవి. తరవాత లండన్లో గుండ్రంగా పట్టాలు వేసి, చుట్టూ కంచె కట్టి, జనాన్ని ఎక్కించి తిప్పాడు. అక్కడా పట్టా విరిగింది. నాలుగు రోజులు వింతగా చూసి జనం ఇళ్ళకి పోయారు. ఆ తరవాత కొన్నేళ్ళకి ఇంకో ఆయన వచ్చి మంచి పట్టాలు, మంచి ఇంజను, మంచి కంపెనీ కూర్చుకుని రైలు నడిపాడు. ఆయన గొప్పవాడే, నేను కాదనను. కానీ పాఠ్యపుస్తకం ఆయనది, ఇంగ్లండు కరెన్సీ నోటు మీద బొమ్మ ఆయనది. కార్న్‌వాల్ ఆయన మాత్రం పరాయి ఊళ్ళో ఒక సత్రంలో పోతే, ఆ ఊరి ఫ్యాక్టరీ పనివాళ్ళు చందాలు వేసుకుని మోశారు. సమాధి మీద రాయి కూడా లేదు.

ఇంజను తప్పు కాదు, పట్టాలు తప్పు. చెడ్డపేరు ఇంజనుకి. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఈ ఏడాది ఉగాదికి మూడు నెలల ముందునుంచే ఇంజను విప్పి మళ్ళీ చేశాను. ఆయన లండన్ ఇంజను పద్ధతిలోనే, పడుకోబెట్టిన పీపాలాంటి బాయిలరు, నిలువు సిలిండరు, ముందు పొడుగాటి గొట్టం. బాయిలరు మాత్రం పరీక్ష చేసి ముద్ర వేసిందే కొన్నాను. ఒత్తిడితో ఆటలు నాకు చేతకావు. మిగతాదంతా నా చేత్తో చేసిందే. శనివారాలు పెరట్లో షెడ్డు చలికి వేళ్ళు కొంకర్లు పోతే, సరంజామా వంటింట్లోకి తెచ్చుకునేవాణ్ణి.

"ఏవండీ, ప్రెస్సులో కందిపప్పు డబ్బా వెనకాల ఈ ఇత్తడి గొట్టాలేంటి?" అనేది మా ఆవిడ. ఇక్కడ గోడ అల్మరాని ప్రెస్ అంటారు. మా ఇంట్లో ఇప్పుడు అందరం అలాగే అంటున్నాం.

"చలికి బిగుసుకుపోతాయని పెట్టాను."

"పప్పు ఏమైపోయినా ఫరవాలేదన్నమాట."

మా అమ్మాయి సెకండరీ స్కూల్లో చదువుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో వస్తుంది. "డాడ్, నోబడీ కేర్స్ హూ వజ్ ఫస్ట్," అంది. ఎవరు మొదలో ఎవరికీ అక్కర్లేదట. వాళ్ళ స్కూల్లో పరుగుపందెంలో రెండో స్థానం ఇచ్చినందుకు ఒక సాయంత్రమంతా గది తలుపు వేసుకుని కూర్చుంది ఈ పిల్లే. ఆ మాట గుర్తుచేశాను. "దట్స్ డిఫరెంట్, లైక్," అంది.

ఈసారి ఆవిరి విషయంలో మోసపోకూడదని నిశ్చయించుకున్నాను. మా సంఘం కార్యక్రమాలు నాకు కొట్టినపిండి. ఆహ్వానపత్రిక మీద వేసిన టైముకి హాల్లో ఉండేది కుర్చీలూ నేనూ. ముఖ్య అతిథి గంట ఆలస్యం. స్వాగత నృత్యానికి పాట ఉన్న ఫోన్ ఎవరి దగ్గరుందో తెలియక ఇంకాస్త. ఎంత లేదన్నా గంటన్నర వెనకబడని కార్యక్రమం ఈ దేశం వచ్చాక నేను చూడలేదు. నా ఇంజనుకి చన్నీళ్ళ నుంచి ఆవిరి రావడానికి అరగంట పైనే కావాలి. హాలు కాపలాదారు ఐరిష్ పెద్దాయన, నిప్పు పెట్టాలంటే పక్క తలుపు తెరిచి ఉంచాలని, ఆ పక్కనే నిప్పు ఆర్పే సిలిండరు ఉండాలని షరతు పెట్టాడు. ఆ షరతు సబబే. కానీ మార్చి గాలి తలుపులోంచి కొడుతుంటే మంట అటూ ఇటూ పోతుంది, ఇంకాస్త ఆలస్యం. ఇవన్నీ లెక్కలో వేసుకుని, రెండో డాన్సు మొదలయ్యాక దీపం వెలిగించాలని నిర్ణయించాను. నా అంశానికి ముందు నాలుగు డాన్సులున్నాయి.

ఆ రోజు ఏం జరిగిందో చెబితే మా ఫ్యాక్టరీలో ఎవరూ నమ్మలేదు. కార్యక్రమం టైముకి మొదలైంది.

ఆ ప్రాంతపు కౌన్సిలరు ముఖ్య అతిథి. ఆయనకి ఇంకెక్కడో ఇంకో సభ ఉందట, చెప్పిన టైముకన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నం హాలు ఎవరిదో పుట్టినరోజుకి ఇచ్చారని, తొందరగా ఖాళీ చెయ్యాలని సెక్రటరీకి గట్టిగా చెప్పారట. దాంతో అగ్గిపెట్టె ఆయన జేబులోనే ఉంది. పైగా పిల్లల్లో వాంతుల జబ్బు తిరుగుతోంది, మూడు డాన్సు బృందాలు రాలేదు. నేను రెండో డాన్సు కోసం ఎదురుచూస్తూ బాయిలరు మూత తీసి శుద్ధి చేసిన నీళ్ళు పోసుకుంటున్నాను. మొదటి డాన్సు అయిపోగానే మైకులో నా పేరు పిలిచారు.

తలెత్తి చూశాను. సెక్రటరీ వేదిక దిగి నా బల్ల దగ్గరికి వచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"అన్నా, ఫస్ట్ టైమ్! మనోళ్ళు టైమ్‌కి నడుపుతున్నరు. షురూ చెయ్యి."

"ఏం షురూ చెయ్యను? దీపం కూడా వెలిగించలేదు. ఇంకా మూడు డాన్సులున్నాయి కదా!"

"క్యాన్సిల్ అయినయన్నా. గ్రూపుల పెట్టిన కదా పొద్దుగాల."

"పొద్దున్న నేను ఇంజను కార్లో సర్దుకుంటున్నాను. గ్రూపు చూస్తూ కూర్చున్నానా?"

"సరే తియ్యి, నువ్వు మాట్లాడుతుండు. మాట్లాడేలోపల వేడెక్కుతది."

"ఇవి నీళ్ళు అన్నా! మైక్రోవేవ్ అనుకున్నావా?" అన్నాను. కోపంలో నాకన్నా పదేళ్ళు చిన్నవాణ్ణి అన్నా అన్నాను.

దీపం వెలిగించాను. గాలికి ఆరింది. మళ్ళీ వెలిగించి నిప్పు ఆర్పే సిలిండరుని అడ్డం పెట్టాను. ఈలోగా సెక్రటరీ ఫోన్లో చూసి నన్ను పరిచయం చేశాడు. "రైలింజన్ కనిపెట్టిన మహానుభావుడు" అని ఎవరి పేరు చదివి ఉంటాడు? పాఠ్యపుస్తకంలో ఉన్న ఆ రెండో ఆయన పేరు. నా ముందు, నా ఇంజను ముందు, మైకులో, ముఖ్య అతిథి వినేలా. జనం చప్పట్లు కొట్టారు. అంటే ఆ పేరు ఖాయమైపోయింది.

మైకు తీసుకుని, "ముందుగా ఒక సవరణ" అన్నాను. ఆ మాటతో సగం మంది ఫోన్లలోకి పోయారు. సవరణ అంటే మనవాళ్ళకి మీటింగు గుర్తొస్తుంది. నేను గనుల గురించి మొదలుపెట్టాను. ఇంజను చల్లగా, ఇత్తడి విగ్రహంలా బల్ల మీద కూర్చుంది. చెబుతూ చెబుతూ బాయిలరు మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను. జ్వరం లేని పిల్లవాడి నుదురులా ఉంది. ముందు వరసలో ఒక చిన్నపిల్ల, "వెన్ విల్ ఇట్ మూవ్?" అని పక్కన ఆవిణ్ణి అడిగింది. "అంకుల్ బ్యాటరీ మర్చిపోయారమ్మా," అందావిడ. నేను విన్నాను. విననట్టు గనుల కథే సాగించాను.

అప్పుడు మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి నా చెవి దగ్గర వంగింది.

"ఏవండీ, లోపల టీకి పెద్ద డ్రమ్ములో నీళ్ళు మరుగుతున్నాయి. ఒక చెంబుడు తెస్తాను, పొయ్యండి. చిటికెలో వస్తుంది కదా ఆవిరి."

మాట నిజమే. మరిగిన నీళ్ళు పోస్తే నాలుగైదు నిమిషాల్లో కదిలేది. కానీ అవి కుళాయి నీళ్ళు. మా ఇంట్లో కెటిల్ తెరిచి చూస్తే తెలుస్తుంది, ఈ వైపు నీళ్ళకి ఎంత సున్నం పడుతుందో. నేను రోజూ ఫ్యాక్టరీలో చేసే పనే బాయిలర్లోకి పోయే నీళ్ళలో సున్నం లేకుండా చూడడం.

"కుళాయి నీళ్ళు పొయ్యను," అన్నాను.

"ఒక్కసారికి ఏమవుతుందండీ?"

"ఒక్కసారికే అని పోసినవే, ఇప్పటిదాకా పాడైన బాయిలర్లన్నీ."

"అయితే అందరి ముందూ అలా నిలబడండి," అని విసురుగా పోయింది. మైకు ఆపలేదని తరవాత తెలిసింది. ఆ సంభాషణకి మాత్రం హాలంతా నవ్వింది. నా ఉపన్యాసంలో జనం పూర్తిగా విన్నది ఆ ఒక్క ముక్కే.

కౌన్సిలరు లేచాడు. వెళుతూ మర్యాదగా నా బల్ల దగ్గర ఆగి, ఇంజనుని వంగి చూసి, "గ్రాండ్ లిటిల్ మోడల్. డజ్ ఇట్ గో?" అన్నాడు. ఇది నడుస్తుందా అని. నేను నడుస్తుంది, ఇంకొంచెం సేపు ఉండండి అన్నాను. చేతి గడియారం చూసుకుని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. రెండు శతాబ్దాల కిందట ఆ కార్న్‌వాల్ ఆయన్ని కూడా ఇలాగే భుజం తట్టి ఉంటారు.

ఆయన్ని సాగనంపి వచ్చిన సెక్రటరీ మైకు అడిగాడు. "అన్నా, ఫుడ్ అచ్చింది." పట్టాలు విరిగిన దగ్గర ఉన్నాను నేను. ఇంజను ఇంకా కదలలేదు. ఇచ్చేశాను. గుంజుకుంటే పోయినసారిలా ఉంటుందని నేనే ఇచ్చేశాను.

భోజనాలు పక్కగదిలో. జనం ఒక్క ఉదుటున లేచి, నా బల్ల పక్కనుంచి గోడవెంట పక్కగది గుమ్మం దాకా వరస కట్టారు. వాళ్ళు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డాక, అప్పుడు, సేఫ్టీ వాల్వు సన్నగా చీదింది. ఎవరి కోసం వస్తుందో, ఎవరు పోయాక వస్తుందో, దానికేం తెలుసు? నేను సిలిండర్లోకి ఆవిరి వదిలాను. సిలిండర్లోంచి ముందు నీళ్ళు కక్కింది, తరవాత ఒకసారి తడబడింది, తరవాత చక్రం తిరిగింది. ఇంజను నడిచింది. గుండ్రటి పట్టా మీద, చిన్నగా దగ్గుతూ, పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి వదులుతూ ఒక చుట్టు తిరిగి వచ్చింది.

ఈల వేశాను. వరసలో తలలన్నీ తిరిగాయి. ఒక్కరూ వరస వదిలి రాలేదు. బిర్యానీ వరసలో చోటు వదులుకోవడం ఎవరికైనా కష్టమే, అర్థం చేసుకోగలను. కానీ వరస నా బల్ల పక్కనుంచే పోవాలి కదా. పోనివ్వండి. నేను గొంతు పెంచి, ఆపిన చోటనుంచి మొదలుపెట్టాను.

"ఇంజను బాగానే ఉందండీ, పట్టాలు విరిగాయి. పోత ఇనుము..."

గాల్వే నుంచి వచ్చిన జంట అప్పుడు నా ఎదుట ఉన్నారు. ఆయన గుండెలో పెట్టే పరికరాలు చేసే కంపెనీలో పని చేస్తాడు. "పోత ఇనుమా? బరువు పెట్టి పరీక్ష చెయ్యలేదాండీ ముందు?" అన్నాడు. చాలా మంచి ప్రశ్న. నేను జవాబు మొదలుపెట్టేలోపు వెనకనించి తోశారు, ఆయన ముందుకి జరిగిపోయాడు. గుమ్మం దగ్గర తల వెనక్కి తిప్పి, "ఫెటీగ్ అయి ఉంటుందండీ, వాడి వాడి ఇనుము అలిసిపోయి!" అని అరిచాడు. "కాదండీ, అవి గుర్రబ్బళ్ళకి వేసినవి!" అని నేను అరిచాను. ఆయన చెయ్యి ఊపి లోపలికి పోయాడు. విన్నాడో లేదో ఇప్పటికీ తెలియదు.

ఆ తరవాత వచ్చినవాళ్ళకి లండన్ కంచె, టిక్కెట్టు కొని ఎక్కిన జనం. వాళ్ళ తరవాతివాళ్ళకి రెండో ఆయన, మంచి పట్టాలు. మళ్ళీ మొదటినుంచి చెబుదామంటే వరస ఆగదు, ఆవిరీ ఆగదు. ఎవరికి ఏ ముక్క దక్కితే అది. మా అమ్మాయి స్నేహితులతో వచ్చింది. ఇంజనుని చూసింది, నన్ను చూసింది, నేనెవరో తెలియనట్టు, "ఇట్స్ గోయింగ్, ఫెయిర్ ప్లే," అని ఇంజనుతో అని వెళ్ళింది. ఇక్కడ ఫెయిర్ ప్లే అంటే శభాష్ అని. ఒక పెద్దావిడ, కూతురి పురుడుకి వచ్చిన ఆవిడ, సరిగ్గా సత్రం దగ్గర నా ఎదుటికి వచ్చింది.

"చివరికి పరాయి ఊళ్ళో, సత్రంలో పోయాడండీ. పనివాళ్ళు చందాలు వేసుకుని మోశారు."

ఆవిడ ప్లేటు గుండెలకి అదుముకుంది. "అయ్యో నాయనా! ఎవరు బాబూ, మీ దగ్గరివాళ్ళా?"

"కాదమ్మా, ఈ ఇంజను కనిపెట్టిన ఆయన."

"ఎప్పుడు పోయారు?"

"రెండు వందల ఏళ్ళు కావస్తోంది."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "మరి అలా ఏడుపు మొహం పెట్టి చెబుతావేం!" అని కసిరి ముందుకి నడిచింది.

వరస అయిపోయింది. ఆవిరీ అయిపోయింది. దీపం ఆర్పి, బాయిలరు చల్లారనిచ్చి, పక్కగదిలోకి వెళ్ళాను. బిర్యానీ గిన్నె అడుగున మసాలా ఆకులున్నాయి. అన్నం, పప్పు మిగిలాయి. నిలబడి తింటుంటే సెక్రటరీ వచ్చాడు, నిజంగా సంతోషంగా ఉన్నాడు.

"అన్నా, మస్తుండె! క్యూల ఒక్కలు లొల్లి చెయ్యలే ఈసారి. పిల్లలు గమ్మున నిలబడ్డరు. ఇంకనించి నీ ప్రోగ్రామ్ లంచ్ క్యూలనే పెడదం."

మూడేళ్ళ శ్రమ తరవాత నాకు దొరికిన స్థానం ఇది. జనం గొడవ చెయ్యకుండా నిలబెట్టే ఆట. ప్లేటు పక్కన పెట్టాను.

"సరే, అదంతా తరవాత. నువ్వు పొద్దున్న మైకులో తప్పు చెప్పావు. రైలింజను మొదట నడిపింది ఆయన కాదు. సవరించు."

"ఇప్పుడా? తింటున్నరు కదన్నా."

"తింటే చెవులు పనిచెయ్యవా?"

"గ్రూపుల పెడతతియ్యి."

"మైకులో అన్న మాట మైకులోనే దిద్దాలి."

"అన్నా, గంత పట్టింపు ఎందుకే? ఇద్దరూ తెల్లోళ్ళే కదా!"

ఆ మాటకి నా దగ్గర జవాబు ఉంది. మా కంపెనీ వీడియోలో క్యాంటీన్ కనిపించి బాయిలర్ హౌస్ కనిపించని జవాబు. కానీ అది చెప్పడానికి ఇంకో పావుగంట కావాలి, ఆ పావుగంట ఆయన ఇవ్వడు. నేనే హాల్లోకి నడిచాను. కుర్చీలు సర్దుతున్న కాపలాదారు నన్ను చూసి తల ఊపాడు. మైకు ఇంకా స్టాండు మీదే ఉంది. స్విచ్చి వేశాను. పక్కగది గోడకి బిగించిన స్పీకరులో నా శ్వాస వినిపించింది. మాటల గోల కొంచెం తగ్గింది.

"ఒక సవరణ," అన్నాను. "ఇందాక వేదిక మీదనుంచి చెప్పింది తప్పు. పట్టాల మీద ఆవిరి ఇంజనును మొదట నడిపింది కార్న్‌వాల్ గనుల నుంచి వచ్చిన మనిషి." పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, నిదానంగా చెప్పాను. "ఆయన ఇంజను బాగానే నడిచింది. పట్టాలు విరిగాయి. ఇది ఎవరూ మరిచిపోవద్దు."

తరవాత పక్కగది గుమ్మంలోంచి ఎవరిదో గొంతు, చాలా మర్యాదగా:

"అంకుల్, మైకు దగ్గరే ఉన్నారు కదా, పెరుగు ఎక్కడ పెట్టారో కొంచెం అనౌన్స్ చేస్తారా?"

కాపలాదారు వైపు చూశాను. ఆయన భుజాలెగరేశాడు. గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. వంటగది కిటికీ వైపు చెయ్యి చూపించింది.

"పెరుగు కిటికీ పక్క బల్ల మీద ఉంది," అన్నాను. కుర్చీలు జరిగిన చప్పుడు. నేను మైకు వదలలేదు. జనం ఆ బల్ల దగ్గర గుమిగూడి స్థిమితపడేదాకా ఆగి, ఆ కార్న్‌వాల్ ఆయన పేరు ఇంకోసారి చెప్పాను.